బావిలో రాయి, నక్క మీద తాటికాయ: కిందపడే వస్తువుల లెక్కలపై మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ శీర్షికలో ఒక చిన్న ముక్క రాశాం. చేతిలోంచి వదిలిన వస్తువు మొదటి సెకనులో 4.9 మీటర్లు, రెండు సెకన్లకు మొత్తం 19.6, మూడు సెకన్లకు 44.1 మీటర్లు పడుతుందని, సెకన్ల సంఖ్యను దానితోనే గుణించి మళ్లీ 4.9తో గుణిస్తే దూరం వచ్చేస్తుందని. కాలేజీ పిల్లల భాషలో హాఫ్ జీటీ స్క్వేర్, అందులో జీ అంటే గురుత్వ త్వరణం, అంటే పడే వస్తువు వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరగడం, టీ అంటే కాలం. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొన్ని నిజంగా కష్టమైనవి, రెండు మూడు మమ్మల్ని పరీక్షించడానికే రాసినవని చదువుతుంటేనే తెలిసిపోతోంది. అయినా సరే, చూద్దాం.

ప్రశ్న: మీరు రాసింది చదివి మా పొలంలో ఎండిపోయిన పాత బావి లోతు చూద్దామని పిడికెడంత రాయి వేశాను. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మూడుసార్లు చూస్తే మూడుసార్లూ అటూ ఇటూగా 3 సెకన్లే వచ్చింది. మీ లెక్కన 44 మీటర్లు, అంటే 145 అడుగులు. మా నాన్న తాడు వేసి కొలిస్తే 130 అడుగులే ఉంది. తాడు తప్పా, మీ సూత్రం తప్పా? ఇంట్లో నా పరువు పోయింది సార్. (ఒక యువరైతు, కళ్యాణదుర్గం దగ్గరి పల్లె)

జవాబు: తాడే కరెక్టు, నాన్నగారితో వాదన పెట్టుకోకండి. సూత్రం కూడా తప్పు కాదు గానీ, మీ వాచ్ కొలిచిన 3 సెకన్లలో రాయి పడిన సమయం ఒక్కటే లేదు. రాయి అడుగుకు తగిలిన చప్పుడు పైకి వచ్చి మీ చెవిలో పడేదాకా పట్టిన సమయం కూడా అందులోనే ఉంది. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 345 మీటర్లు పోతుంది. ఆ తేడా తీసేయడానికి పెద్ద సమీకరణాలు అక్కర్లేదు, ఇలా చేయండి. ముందు 44 మీటర్లనే నమ్మి, దాన్ని 345తో భాగిస్తే 0.128 సెకను. 3లోంచి అది తీసేస్తే 2.872. దీన్ని దీనితోనే గుణించి 4.9తో గుణిస్తే 40.4 మీటర్లు. ఇప్పుడు ఈ 40.4ని 345తో భాగించి మళ్లీ అదే పని చేస్తే 40.7 వస్తుంది. ఇంకోసారి చేసినా ఇక పెద్దగా కదలదు. చూశారా, సెకనులో ఎనిమిదో వంతు కూడా లేని ఆలస్యం లోతును 3 మీటర్లకు పైగా తినేసింది. ఎందుకంటే అడుగుకు చేరేసరికి రాయి సెకనుకు 28 మీటర్ల వేగంతో, అంటే గంటకు వంద కిలోమీటర్లతో పోతోంది, అంత వేగంలో ఉన్నప్పుడు రవ్వంత సమయం కూడా చాలా దూరం అవుతుంది.

అయినా 40.7 మీటర్లంటే 133 అడుగులు, మీ తాడు 130 అంటోంది. మిగిలిన మూడు అడుగులు గాలి ఖాతాలో వేయండి. పిడికెడు రాయికి ఆ వేగంలో గాలి అడ్డు లెక్కలోకి వస్తుంది, ఇంత లోతులో ఒక మీటరు దాకా తేడా తెస్తుంది. లెక్క తాడు దగ్గరికే వచ్చింది. అయితే ఇంత చక్కగా కలవడంలో మీ అదృష్టం కూడా కొంత ఉందని చెప్పాలి. చప్పుడు విన్నాక వేలు కదలడానికి ఎవరికైనా సెకనులో ఐదో వంతు పడుతుంది, అది ఒక్కటే ఐదు మీటర్ల తప్పు తేగలదు. వదిలినప్పుడు నొక్కడంలోనూ అంతే ఆలస్యం చేసి ఉంటారు, రెండూ కొట్టుకుపోయాయి. ఈసారి రాయి ఒకరు వేసి వాచ్ ఇంకొకరు పట్టుకోండి. ఇంకోమాట, పాత బావుల ఒరలు కూలిపోయి ఉంటాయి, గట్టు లేని బావి మీదికి వంగి వినకండి. చప్పుడు వెనక్కి నిలబడినా వినిపిస్తుంది.

ప్రశ్న: మూలిగే నక్క మీద తాటికాయ పడింది అంటారు కదా, ఆ తాటికాయ ఎంత వేగంతో పడి ఉంటుంది? (సరదాగా అడుగుతున్నాను, అమలాపురం)

జవాబు: సరదాగానే చెబుతాం. చెట్టు ఎత్తు 15 మీటర్లనుకుందాం. ఎత్తు తెలిసి వేగం కావాలంటే కాలంతో పనిలేదు, ఎత్తును 19.6తో గుణించి వర్గమూలం తీస్తే చాలు. 15కి 17.1 వస్తుంది, అంటే సెకనుకు 17 మీటర్లు, గంటకు 62 కిలోమీటర్లు. పడటానికి పట్టేది 1.75 సెకన్లు, మూలుగుతున్న నక్క తప్పుకునేంత సమయం కాదు. చెట్టు రెట్టింపు ఎత్తుంటే వేగం రెట్టింపు కాదు, 87 కిలోమీటర్లే అవుతుంది.

ఎంత దెబ్బ తగులుతుందనేది మీరు అడగలేదు కానీ అసలు రుచి అక్కడే ఉంది. కాయ ఎంత ఎత్తు నుంచి పడింది, ఎంత దూరంలో ఆగింది అని చూడండి. 15 మీటర్లు పడి 2 సెంటీమీటర్లలో ఆగితే, 1500ని 2తో భాగిస్తే 750. అంటే ఆ ఆగేటప్పుడు సగటున కాయ బరువుకు 750 రెట్ల బలం. కిలోన్నర కాయ టన్నుకు పైగా బరువైపోయిందన్నమాట. అదే కాయ గడ్డివాము మీద పడి మీటరు లోపలికి దిగితే 15 రెట్లే. కాబట్టి కొబ్బరిచెట్టు కిందో తాటిచెట్టు కిందో మంచం వేసుకునేవారు సామెతను కాస్త సీరియస్‌గానే తీసుకోవాలి. కాకి వాలగానే తాటిపండు పడటాన్ని మనవాళ్లు కాకతాళీయం అన్నారు, ఆ పండు కింద ఎవరైనా ఉంటే ఏమనాలో మాత్రం చెప్పలేదు.

ప్రశ్న: సెకనుకు 10 మీటర్ల వేగంతో పైకి వెళ్తున్న బెలూన్ 40 మీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు దానిలోంచి ఒక రాయి వదిలారు, ఎంతసేపటికి నేల మీద పడుతుంది, జీ విలువ 10 తీసుకోండి అని ఇచ్చారు. వదిలారు అంటే తొలివేగం సున్నా కదా? నాకు 2.83 సెకన్లు వచ్చింది. మా సార్ మైనస్ 10 వేసి 4 సెకన్లు తెచ్చారు. అడిగితే ‘సైన్ కన్వెన్షన్ అమ్మా’ అన్నారు. నాకు ఈ ప్లస్సులు మైనస్సులు అంటేనే టెన్షన్. (ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థిని, నంద్యాల)

జవాబు: నీకు టెన్షన్ తెచ్చింది మైనస్ కాదు తల్లీ, ‘వదిలారు’ అనే మాట. కదులుతున్న బస్సులోంచి దిగేవాడు దిగి ఊరుకోడు, బస్సు పోయేవైపే నాలుగడుగులు పరుగెత్తుతాడు, లేదంటే బోర్లా పడతాడు. బస్సును వదిలాడు గానీ బస్సు వేగం అతన్ని వదల్లేదు. రాయీ అంతే. బెలూన్ చేతిలోంచి జారిన క్షణాన అది కూడా సెకనుకు 10 మీటర్లతో పైకే పోతోంది. నేల మీద నిలబడి చూసేవాళ్లకి ఆ రాయి వెంటనే కిందికి రాదు, ఇంకాస్త పైకి పోయి అప్పుడు తిరుగుతుంది.

సైన్ కన్వెన్షన్ పక్కన పెట్టి ముందు రెండు ముక్కలుగా చేద్దాం. 10తో పైకి పోయే రాయి వేగం ప్రతి సెకనుకూ 10 తగ్గుతుంది కాబట్టి సరిగ్గా 1 సెకనులో సున్నా అవుతుంది. ఆ సెకనులో సగటు వేగం 5, కాబట్టి 5 మీటర్లు పైకి పోయింది. ఇప్పుడు 45 మీటర్ల ఎత్తులో ఒక్క క్షణం ఆగింది. అక్కడి నుంచి మామూలుగా పడటమే, 45 అంటే 5 ఇంటూ 9, కాబట్టి 3 సెకన్లు. 1, 3 కలిపితే 4. మైనస్ ఎక్కడైనా వచ్చిందా?

ఇప్పుడు మీ సార్ పద్ధతి. కిందివైపు ప్లస్ అనుకుంటే నేల ప్లస్ 40లో ఉంది, త్వరణం ప్లస్ 10, రాయి మాత్రం మొదట పైకి పోతోంది కాబట్టి దాని తొలివేగం ఒక్కటే మైనస్ 10. పైవైపు ప్లస్ అనుకుంటే అన్నీ తిరగబడతాయి, జవాబు అదే వస్తుంది. ఏ వైపు ప్లస్ అనేది నీ ఇష్టం, లెక్క మధ్యలో మార్చకపోతే చాలు. పేపర్ మీద పక్కన ఒక బాణం గీసి దాని పక్కన ప్లస్ అని రాసుకో, పరీక్షలో ఆ రెండు సెకన్ల పని ఒక మార్కు కాపాడుతుంది.

ఈ విలువలు సూత్రంలో వేస్తే వచ్చే వర్గ సమీకరణం (40 = –10t + 5t²) నువ్వు సాధిస్తే రెండు జవాబులు వస్తాయి, 4, మైనస్ 2. మైనస్ 2ని అందరూ కొట్టేస్తారు, క్లాసులోనూ ‘కాలం ఋణాత్మకం కాదు కాబట్టి’ అని ఒక వాక్యం రాయిస్తారు. నాకు ఆ కొట్టేయడం నచ్చదు, అది పనికిమాలిన జవాబు కాదు. దాన్ని ఇలా చదువు: బెలూన్ సంగతి మర్చిపో, 2 సెకన్ల ముందే ఎవరో నేల మీద నుంచి సెకనుకు 30 మీటర్లతో ఒక రాయి పైకి విసిరారనుకో, అది 2 సెకన్లు గడిచేసరికి సరిగ్గా 40 మీటర్ల ఎత్తులో, సరిగ్గా 10 వేగంతో పైకి పోతూ ఉంటుంది. అంటే మన బెలూన్ రాయి పక్కనే. సూత్రానికి బెలూన్ తెలియదు, అది ఆ రాయి ఎప్పుడెప్పుడు నేల దగ్గర ఉండగలదో రెండూ చెప్పేసింది. నేలను తాకేటప్పుడు కూడా వేగం 30యే, కావాలంటే వేసి చూడు.

ఇంకో సందేహం నువ్వు అడగకపోయినా నీ క్లాసులో సగం మందికి ఉంటుంది. పైన ఆ ఒక్క క్షణం వేగం సున్నా కదా, మరి త్వరణం కూడా సున్నాయేనా? కాదు, అక్కడా 10యే. అక్కడ అదీ సున్నా అయితే రాయి ఆకాశంలో అలాగే వేలాడిపోవాలి.

ప్రశ్న: జీ విలువ 9.8 వేయాలా, 10 వేయాలా? (ఈఏపీసెట్ రాయబోతున్న విద్యార్థి, కరీంనగర్)

జవాబు: ప్రశ్నలో ఏది ఇస్తే అది. ఏదీ ఇవ్వకపోతే ఆప్షన్లు చూడు, దశాంశాలు లేని పూర్తి అంకెలుంటే 10తో చేసి పెట్టారని అర్థం. నిజానికి మన దగ్గర విలువ 9.78కి కాస్త పైన ఉంటుంది, ధ్రువాల దగ్గర 9.83. ఆ తేడా ఏ పరీక్షలోనూ నిన్ను అడగరు.

ప్రశ్న: వాన చినుకు 2 కిలోమీటర్ల ఎత్తు నుంచి పడితే మీ సూత్రం ప్రకారం గంటకు 700 కిలోమీటర్లు దాటుతోంది. మరి మనమంతా ఎలా బతికున్నాం? (ఒక గృహిణి, విజయవాడ)

జవాబు: ఈ నెల వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. మీ లెక్క సరైనదే, 713 వస్తుంది. కానీ ఆ సూత్రం పని చేసేది వస్తువు మీద భూమి ఆకర్షణ తప్ప ఇంకేమీ లేనప్పుడే, స్వేచ్ఛా పతనంలో ఆ ‘స్వేచ్ఛ’ అదే. చినుకు మీద గాలి కూడా ఉంది. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు పెరుగుతుంది, ఒక దశలో అది చినుకు బరువుకు సమానమైపోతుంది, ఇక అక్కడి నుంచి వేగం పెరగదు. దాన్ని అంత్యవేగం అంటారు. పెద్ద చినుకులకైతే అది సెకనుకు 9 మీటర్లు, అంటే గంటకు 32 కిలోమీటర్లు. సన్న తుంపర అయితే సెకనుకు 2 మీటర్లో ఇంకా తక్కువో. చినుకు ఇంకా లావై వేగం పెంచుకుందామన్నా కుదరదు, 5, 6 మిల్లీమీటర్లు దాటితే గాలికే ముక్కలైపోతుంది. వడగళ్లు అలా ముక్కలు కావు. అందుకే అవి మామిడి తోటల్ని, రేకుల్ని, కార్ల అద్దాల్ని అంత పాడుచేస్తాయి.

మనిషి విమానంలోంచి దూకి బోర్లా పడుకున్నట్టు పడితే అతని వేగం గంటకు దాదాపు 200 కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది. 2012 అక్టోబరు 14న ఆస్ట్రియా స్కైడైవర్ ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ 39 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకి గంటకు 1,357 కిలోమీటర్ల వేగం అందుకున్నాడంటే కారణం అక్కడ గాలి దాదాపు లేకపోవడమే. కిందికి వచ్చి గాలి చిక్కబడేకొద్దీ, పారాచూట్ విప్పకముందే, ఆయన వేగం తగ్గిపోయింది. పడుతూ ఉంటే వేగం తగ్గడమేమిటని వింతగా ఉంటుంది, కానీ జరిగింది అదే.

ప్రశ్న: బరువైనదే ముందు పడుతుంది, కావాలంటే కాగితం, పుస్తకం వదిలి చూడండి. (పేరు రాయలేదు)

జవాబు: చూశాం. ఇప్పుడు మీరు ఆ కాగితాన్ని పుస్తకం కంటే చిన్నగా కత్తిరించి, పుస్తకం పైన పెట్టి రెండూ కలిపి వదలండి. అంటించకండి. రెండూ కలిసే పడతాయి, ఎందుకంటే గాలిని పుస్తకం చీల్చుకుంటూ పోతోంది. గాలే లేనిచోట ఏమవుతుందో 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో డేగ ఈక పట్టుకుని కెమెరా ముందు వదిలి చూపించాడు. రెండూ ఒకేసారి నేల తాకాయి. అక్కడ జీ విలువ 1.62 మాత్రమే కాబట్టి, ఇక్కడ ఒక సెకనులో పడే దూరం పడటానికి అక్కడ దాదాపు రెండున్నర సెకన్లు పడుతుంది, ఆ వీడియోలో అవి తీరిగ్గా దిగుతున్నట్టు కనిపించేది అందుకే.

ప్రశ్న: 2021 జులైలో మన శిరీష బండ్ల అంతరిక్షం అంచుకు వెళ్లివచ్చినప్పుడు ఏదో చానల్‌లో ‘గురుత్వాకర్షణ లేని చోట తేలుతున్నారు’ అన్నారు. నలభై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, నాకది మింగుడుపడలేదు. (విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి)

జవాబు: మాస్టారూ, మింగుడుపడకపోవడమే సరైనది. ఆ నౌక చేరిన గరిష్ఠ ఎత్తు 86 కిలోమీటర్లు. భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు కాబట్టి అక్కడ జీ ఎంతో మీరు నోటితోనే చెప్పేస్తారు, 9.55 వస్తుంది. నేల మీద ఉన్నదానిలో 97 శాతం. ఆకర్షణ ఎక్కడికీ పోలేదు. పోయింది కింద నుంచి మోసే కుర్చీ. ఇంజన్ ఆపేసిన క్షణం నుంచి నౌకా, అందులోని మనుషులూ ఒకే త్వరణంతో పడుతున్నారు, ఎవరూ ఎవరినీ మోయడం లేదు, అందుకే తేలినట్టు ఉంటుంది. ఇక్కడ చాలామంది తడబడేది ఒకటుంది. ఇంజన్ ఆగాక కూడా నౌక ఇంకా పైకే పోతోంది కదా, అప్పుడే తేలడం మొదలైపోయింది. పైకి పోతూ కూడా స్వేచ్ఛా పతనంలో ఉండొచ్చు, పైన చెప్పిన బెలూన్ రాయి మొదటి సెకనులాగా. వస్తువు ఎటు పోతోందని కాదు, దాన్ని భూమి తప్ప ఇంకేదైనా తోస్తోందా అని అడగాలి.

అంతరిక్ష కేంద్రానిదీ ఇదే కథ. 2021 నవంబరు నుంచి దాదాపు ఆరు నెలలు అక్కడున్న వ్యోమగామి రాజా చారి, ఆయన తండ్రిది హైదరాబాద్, ఆ ఆరు నెలలూ పడుతూనే ఉన్నారు. 400 కిలోమీటర్ల ఎత్తులో జీ ఇంకా 8.7 ఉంటుంది. మరి ఎందుకు నేల తాకలేదంటే, పక్కకి పోయే వేగం వల్ల. నేలకు దగ్గరగా లెక్క వేస్తే తేలిగ్గా ఉంటుంది. ఒక సెకనులో ఏ వస్తువైనా 4.9 మీటర్లు పడుతుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి తిన్నగా 7.9 కిలోమీటర్లు పోతే నేల కూడా 4.9 మీటర్లు కిందికి వంగుతుంది. గాలి లేదనుకుని సెకనుకు 7.9 కిలోమీటర్లతో విసిరితే పడినంత దూరమూ నేల తప్పుకుంటూ పోతుంది. మా చిన్న ముక్కలోని ఆ 4.9 అక్కడిదాకా వెళ్లింది, మీరు పిల్లలకు చెప్పడానికి పనికొస్తుందని రాస్తున్నాను.

ప్రశ్న: మాది ప్రభుత్వ హైస్కూలు, ల్యాబ్ అంటే ఒక బీరువా. పిల్లలతో జీ విలువ కనిపెట్టించాలని మేడ మీద నుంచి బంతి వేయించి స్టాప్‌వాచ్‌తో కొలిపిస్తే ఒకరికి 7, ఒకరికి 13 వస్తోంది. ఏం చేయాలి? (ఫిజిక్స్ టీచర్, మహబూబాబాద్ జిల్లా)

జవాబు: స్టాప్‌వాచ్ పక్కన పెట్టేయండి మేడమ్. 10 మీటర్ల మేడ నుంచి బంతి పడేది 1.43 సెకన్లలో, అందులో వేలి తప్పు 0.2 సెకను. కాలంలో 14 శాతం తప్పు అంటే, కాలం వర్గంతో భాగిస్తాం కాబట్టి, జీలో దానికి రెట్టింపు పైనే. 7, 13 రావడంలో పిల్లల తప్పేమీ లేదు. గెలీలియోకి కూడా ఇదే చిక్కు వచ్చింది, నిలువుగా పడేది మరీ త్వరగా పడిపోతోందని ఆయన వాలుగా పెట్టిన చెక్క గాడిలో గోళీని దొర్లించి, సన్నటి ధారగా కారిన నీళ్లను తూచి కాలం కొలిచాడు, ఆ సంగతులు 1638లో పుస్తకంగా వచ్చాయి. మీ దగ్గర అంతకంటే మంచి పరికరం ఉంది, ఫోన్.

సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ చాలా ఫోన్లలో ఉంటుంది. గోడకు టేపు నిలువుగా అంటించి, దాని పక్కనే చిన్న గట్టి బంతి వదలండి, ఫోన్‌ను దూరంగా, కదలకుండా పెట్టండి. ప్రతి 24 ఫ్రేములకు, అంటే 0.1 సెకనుకు, బంతి ఎక్కడుందో పిల్లలతో రాయించండి. మొదటి ముక్కలో 4.9 సెంటీమీటర్లు, తర్వాత 14.7, తర్వాత 24.5, 34.3, 44.1 అలా రావాలి. ఒకటి, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది రెట్లు. ఇందులో అసలు అందం ఏమిటంటే పక్కపక్క ముక్కల తేడా ఎప్పుడూ 9.8 సెంటీమీటర్లే. బంతి సరిగ్గా ఏ ఫ్రేములో వదిలారో తెలియక కొట్టుకుంటారు చూడండి పిల్లలు, అది తెలియకపోయినా ఈ తేడా మారదు. కొన్ని ఫోన్లు 240 అని చెప్పి మధ్య ఫ్రేములు సొంతంగా కల్పిస్తాయి, ముందుగా ఇంకో ఫోన్‌లో నడుస్తున్న స్టాప్‌వాచ్‌ని వీడియో తీసి సరిచూసుకోండి.

ఆ రోజు క్లాసు చివర పది నిమిషాలు మిగిలితే 500 నోటు తీయండి. దాని పొడవు 15 సెంటీమీటర్లు. నిలువుగా పట్టుకుని, ఒక పిల్లవాణ్ణి నోటు మధ్యలో రెండు వేళ్లు తాకకుండా అటూ ఇటూ పెట్టమని, ‘పట్టుకుంటే నీదే’ అని చెప్పి, ఎప్పుడు వదులుతారో చెప్పకుండా వదలండి. వేళ్లు దాటడానికి నోటు 7.5 సెంటీమీటర్లు పడితే చాలు, దానికి పట్టేది 0.124 సెకను. కళ్లు చూసి వేళ్లు మూసుకోవడానికి 0.2 సెకను కావాలి, అంటే వేళ్ల పైన 20 సెంటీమీటర్ల నోటైనా ఉండాలి. పట్టుకోలేరు. తర్వాత 30 సెంటీమీటర్ల స్కేలు ఇచ్చి ఎక్కడ పట్టుకున్నారో చూస్తే ఎవరి చురుకుదనం ఎంతో లెక్క వేసుకుంటారు. ఒక్క జాగ్రత్త, వదిలే ముందు మీ చెయ్యి కాస్త కదిలినా తెలివైన పిల్లలు ముందే కనిపెట్టేస్తారు. మా ఇంట్లో ఒక 500 నోటు అలాగే పోయింది.